శాండ్‌బ్లాస్టింగ్ క్యాబినెట్‌కు ఎంత గాలి కావాలి?

శాండ్‌బ్లాస్టింగ్ క్యాబినెట్ అంటే అన్ని వైపులా మూసిన ఇనుప పెట్టె. ముందు అద్దం, దాని కింద మోచేతులు దాటి వచ్చే రెండు రబ్బరు తొడుగులు, లోపల ఒక గన్, అడుగున గరాటులా వాలిన తొట్టి. తొట్టిలోని గరుకు పొడిని గాలి వేగంగా మోసుకెళ్లి వస్తువు మీద కొడుతుంది. తుప్పు, పాత రంగు, మసి రాలిపోయి లోహం బయటపడుతుంది. కొట్టిన పొడి మళ్లీ తొట్టిలోకే జారుతుంది. అమెరికాలో పాత కార్లనూ మోటారు సైకిళ్లనూ గ్యారేజీలో సొంతంగా బాగుచేసుకునేవాళ్ల దగ్గర ఈ పెట్టె తరచుగా కనిపిస్తుంది. చిన్న పెట్టె కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది. దానికి చాలినంత గాలి ఇవ్వగల కంప్రెసర్‌కు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సి రావచ్చు. ఈ సంగతి తెలియక ఇంట్లో ఉన్న చిన్న కంప్రెసర్‌నే తగిలించి, పని సాగక, పెట్టెను మూలన పడేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పెట్టెల్లో చాలావాటికి ఏ లోపమూ లేదు. వాటికి గాలి చాలలేదు.

ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసిన ఆయనకు 1870 అక్టోబరు 18న దీని మీద పేటెంటు వచ్చింది. రాయి, లోహం, గాజు వంటి గట్టి పదార్థాలను ఇసుక ధారతో కోయడం, చెక్కడం దాని విషయం. ఇసుకను తోసే శక్తి ఆవిరిదైనా, గాలిదైనా, నీటిదైనా కావచ్చునని ఆయన అప్పుడే గుర్తించాడు. శక్తి ఇసుకలో లేదు, దాన్ని తోసే ప్రవాహంలో ఉంది. నేటి ఇంటి క్యాబినెట్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎంత ఖరీదైన పొడి పోసినా, వెనక గాలి తగ్గితే అది వస్తువు మీద చల్లినట్టు పడుతుందే తప్ప తుప్పును కోయదు.

గాలి గురించి మాట్లాడేటప్పుడు రెండు కొలతలు వస్తాయి. ఒకటి ఒత్తిడి. దీన్ని అమెరికాలో చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని, అంటే పీఎస్‌ఐలలో చెబుతారు. రెండోది ప్రవాహం, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్నది. దీన్ని సీఎఫ్‌ఎం అంటారు. కంప్రెసర్ కొనేవారి చూపు ముందు ఒత్తిడి మీద పడుతుంది, ఎందుకంటే యంత్రం మీద పెద్ద అక్షరాలతో ఉండేది అదే. కానీ 150 పీఎస్‌ఐ అన్న మాట ట్యాంకు ఎంత గట్టిగా నిండుతుందో చెబుతుందే తప్ప, ఎంత వేగంగా నిండుతుందో చెప్పదు. శాండ్‌బ్లాస్టింగ్‌కు కావలసింది రెండో విషయం. మేకులు కొట్టే గన్‌కు ఒక్కో దెబ్బకు కాస్త గాలి చాలు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ట్యాంకు కోలుకుంటుంది. బ్లాస్టింగ్ గన్ మాత్రం ట్రిగ్గర్ నొక్కినంతసేపూ గాలి తాగుతూనే ఉంటుంది. ఇంటి పనిముట్లలో ఇంత ఆకలి ఉన్నది మరొకటి దాదాపు లేదు.

ఆ ఆకలిని నిర్ణయించేది గన్‌లో గాలి దాటే రంధ్రం. లోపలి ఒత్తిడి బయటి దానికి దాదాపు రెట్టింపు దాటాక, రంధ్రంలో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి ప్రవాహం రెండింటి మీదే ఆధారపడుతుంది: రంధ్రం వైశాల్యం, దాని వెనక ఉన్న ఒత్తిడి. 80 పీఎస్‌ఐ దగ్గర 1/8 అంగుళం రంధ్రం సుమారు 17 సీఎఫ్‌ఎం తీసుకుంటుంది. 3/16 అంగుళం అయితే 38, పావు అంగుళం అయితే 68. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, గాలి కూడా అంతే పెరుగుతుంది. రంధ్రం కాస్త పెద్దదైతే పని కాస్త త్వరగా అవుతుందనుకుని గాలి దాటే రంధ్రాన్నే పావు అంగుళం చేసినవారికి కావలసింది గ్యారేజీ కంప్రెసర్ కాదు, రోడ్ల పనికి ట్రక్కు వెనక లాక్కెళ్లే డీజిల్ యంత్రం.

ఇంటి క్యాబినెట్లు ఎక్కువగా పీల్చుడు రకానివి. గన్ లోపల ఒక చిన్న ఎయిర్ జెట్ ఉంటుంది. దాని నుంచి దూసుకొచ్చే గాలి వెనక ఖాళీని సృష్టించి, తొట్టిలోని పొడిని గొట్టం ద్వారా పైకి లాక్కుంటుంది. గాలి, పొడి కలిసి ముందున్న పెద్ద నాజిల్ గుండా బయటికి వస్తాయి. ఇక్కడ గాలి వాడకాన్ని లెక్కించాల్సింది జెట్ రంధ్రంతో, బయటికి కనిపించే నాజిల్‌తో కాదు. నాజిల్ రంధ్రం సాధారణంగా జెట్‌కు రెట్టింపు ఉంటుంది. పావు అంగుళం నాజిల్ చూసి 68 సీఎఫ్‌ఎం కావాలని బెదిరిపోనక్కర్లేదు. లోపలి జెట్ 1/8 అంగుళం అయితే 17 చాలు, 3/32 అంగుళం అయితే పదికి లోపే సరిపోతుంది. రెండో రకం పీడన పాత్రది. ఇందులో పొడి ఉన్న పాత్రలోనే గాలి ఒత్తిడి పెంచి, గాలినీ పొడినీ ఒకే గొట్టంలో నాజిల్ దాకా తోస్తారు. ఇందులో పొడి వేగం చాలా ఎక్కువ, పని కొన్ని రెట్లు త్వరగా అవుతుంది. అయితే ఇందులో మొత్తం లెక్క నాజిల్ రంధ్రానిదే.

పీడన పాత్ర వాడేవాళ్లు మరువకూడనిది అరుగుదల. గరుకు పొడి వస్తువునే కాదు, నాజిల్‌నూ తింటుంది. 1/8 అంగుళం నాజిల్ 5/32 దాకా అరిగితే కంటికి తేడా పెద్దగా తెలియదు. గాలి వాడకం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 17 కాస్తా 26కు పైగా పోతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన కంప్రెసర్ ఈ రోజు ఆయాసపడుతోందంటే, దాన్ని విప్పే ముందు నాజిల్ చూడాలి. కొలవడానికి ప్రత్యేక సాధనమేమీ అక్కర్లేదు. డ్రిల్ బిట్ల సెట్ తీసుకుని, వాటి నున్నటి తోక భాగాన్ని ఒక్కొక్కటిగా రంధ్రంలో దూర్చి, ఏది బిగువుగా పడుతుందో చూస్తే చాలు. సిరామిక్ నాజిల్ చవక, కానీ గరుకైన పొడితో కొన్ని గంటల్లోనే అరుగుతుంది. బోరాన్ కార్బైడ్ వందల గంటలు నిలుస్తుంది. తరచుగా పని చేసేవారికి రెండోదే లాభం.

రంధ్రం తెలిశాక కంప్రెసర్ దగ్గరికి రావచ్చు. ఇక్కడ కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ట్యాంకు పరిమాణం. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దదైనా, బోరు మోటారు ఎక్కించే నీటి కంటే కుళాయిల్లో పోయేది ఎక్కువైతే అది ఖాళీ కావలసిందే. గాలి ట్యాంకు కూడా అంతే. అరవై గ్యాలన్ల ట్యాంకులో పట్టే చోటు ఎనిమిది ఘనపుటడుగులు. దాన్ని 135 నుంచి 80 పీఎస్‌ఐకి దింపితే బయటికి వచ్చే గాలి సుమారు 30 ఘనపుటడుగులు. 17 సీఎఫ్‌ఎం తాగే గన్‌కు 11 సీఎఫ్‌ఎం ఇచ్చే పంపు తోడైతే, మోటారు మొదటి నుంచీ నడుస్తున్నా ఐదు నిమిషాలకు ఆ నిల్వ అయిపోతుంది. ఆ తర్వాత ఒత్తిడి జారుతూ పోయి, పంపు ఇచ్చేదానికి సరిపడే మట్టం దగ్గర ఆగుతుంది. మరో ట్యాంకు జోడిస్తే ఐదు నిమిషాలు పది కావచ్చు, కానీ తర్వాత నింపడానికి పట్టే సమయమూ రెట్టింపవుతుంది.

ఇదే లెక్క చిన్న యంత్రంతో వేస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. అమెరికా ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న పోర్టర్-కేబుల్ ఆరు గ్యాలన్ల కంప్రెసర్ 90 పీఎస్‌ఐ దగ్గర 2.6 సీఎఫ్‌ఎం ఇస్తుంది, ట్యాంకు 150 పీఎస్‌ఐ దాకా నిండుతుంది. టైర్లకూ మేకుల గన్‌కూ అది చక్కటి యంత్రం. 1/8 అంగుళం జెట్ ఉన్న గన్‌కు తగిలిస్తే మాత్రం ఒత్తిడి 80కి పడిపోవడానికి పదహారు సెకన్లు పడుతుంది, మళ్లీ నిండడానికి నిమిషంన్నర. అలా ఒక బ్రేక్ డ్రమ్ము శుభ్రం చేయాలంటే సాయంత్రమంతా పోతుంది, మోటారూ కాలిపోవచ్చు.

హార్స్‌పవర్ అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. భారతదేశంలో ఇంటి ప్లగ్గులో 230 వోల్టులు వస్తాయి, అమెరికాలో సాధారణ ప్లగ్గులో 120 వోల్టులే. పదిహేను ఆంపియర్ల సర్క్యూట్ ఇవ్వగలిగింది అంతా కలిపి 1,800 వాట్లు. మోటారులో వేడిగా పోయేది తీసేస్తే చేతికి వచ్చేది రెండు హార్స్‌పవర్ కూడా ఉండదు. అందుచేత మామూలు గోడ ప్లగ్గుకు పెట్టే యంత్రం మీద ఐదు, ఆరు అని రాసి ఉంటే, అది మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలోనో, పరీక్ష బల్ల మీదో అందిన అంకె తప్ప నిలకడగా పనిచేసేది కాదు. ఒక నిజమైన హార్స్‌పవర్‌కు 90 పీఎస్‌ఐ దగ్గర మూడు నుంచి నాలుగు సీఎఫ్‌ఎం వస్తుందని లెక్క వేసుకోవచ్చు. మామూలు ప్లగ్గు మీద నడిచే ఏ కంప్రెసరైనా ఆరు, ఏడు సీఎఫ్‌ఎం దాటడం కష్టమని దీంతోనే తేలిపోతుంది. చిన్న జెట్‌తో, విరామాలిస్తూ చేసే పనికి అది సరిపోవచ్చు. నిలిచి చేసే పనికి 240 వోల్టుల యంత్రమే దారి.

ఆ తరగతిలో ఇంగర్‌సోల్ రాండ్ యంత్రాలు రెండింటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. రెండింటికీ అరవై గ్యాలన్ల ట్యాంకే. మూడు హార్స్‌పవర్ ఎస్‌ఎస్3ఎల్3కి కంపెనీ చెప్పే అంకె 90 పీఎస్‌ఐ దగ్గర 11.3 సీఎఫ్‌ఎం, ఐదు హార్స్‌పవర్ ఎస్‌ఎస్5ఎల్5కి 18.1. ట్యాంకు ఒకటే అయినా ఒకటి 1/8 అంగుళం జెట్‌ను నడపగలదు, మరొకటి నడపలేదు. అయితే 17 కావలసిన చోట 18 ఇచ్చే యంత్రం సరిగ్గా సరిపోయిందని సంతోషించకూడదు. అప్పుడు మోటారు ఆగకుండా తిరుగుతుంది. పిస్టన్ కంప్రెసర్లలో చాలావాటిని కొంతసేపు తిరిగి కొంతసేపు చల్లబడేలా తయారుచేస్తారు. గంటల తరబడి ఆపకుండా నడిపితే వాల్వులు, రింగులు వేడికి దెబ్బతింటాయి, వేడెక్కిన గాలితో నీరు కూడా ఎక్కువగా వస్తుంది. కావలసినదానికి పావు వంతో, వీలైతే సగమో ఎక్కువ ఇవ్వగల యంత్రం ఉంటే అది విశ్రాంతి తీసుకుంటూ పనిచేస్తుంది. ఆగకుండా తిరగడానికే తయారైనవి రోటరీ స్క్రూ యంత్రాలు, కానీ వాటి ధర ఇంటి అవసరానికి మించిపోతుంది.

పెద్ద యంత్రంతో పాటు కరెంటు లైను ఖర్చూ వస్తుంది. 240 వోల్టుల లైను మీద నడిచే, 230 వోల్టులని రాసి ఉండే సింగిల్ ఫేజ్ మోటార్లలో మూడు హార్స్‌పవర్‌కు 17 ఆంపియర్లు, ఐదు హార్స్‌పవర్‌కు 28 ఆంపియర్లు అని అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ పట్టిక చెబుతుంది. తీగను దానికి 125 శాతం లెక్కన వేయాలి. అంటే ఐదు హార్స్‌పవర్‌కు కనీసం 35 ఆంపియర్లు మోయగల తీగ, విడిగా ఒక సర్క్యూట్, చాలా ఊళ్లలో పర్మిట్ కూడా కావాలి. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో కొత్త ఇల్లు కట్టించుకుంటూ గ్యారేజీలో ఇలాంటి పని పెట్టుకోవాలనుకునే తెలుగువారు గోడలు మూయకముందే ఈ లైను వేయించుకోవడం మేలు. తర్వాత గోడ కోసి వేయించాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది.

పెద్ద యంత్రం కొనలేనివారికీ దారి లేకపోలేదు. అది ఒత్తిడి తగ్గించుకోవడం. 1/8 అంగుళం జెట్ 80 పీఎస్‌ఐ దగ్గర 17 సీఎఫ్‌ఎం తాగితే, 50 దగ్గర పదకొండున్నర మాత్రమే తాగుతుంది. అంటే 11 ఇచ్చే మూడు హార్స్‌పవర్ యంత్రం అక్కడికి దాదాపు సరిపోతుంది. గాజు పూసలతో అల్యూమినియం కార్బురేటరునో ఇంజిన్ మూతనో శుభ్రం చేయడానికి అసలు అంతకు మించిన ఒత్తిడి పనికిరాదు. పూసలు పగిలి పొడైపోతాయి, మెత్తని లోహం మీద గుంటలు పడతాయి. పాత ఇనుము మీద దళసరి తుప్పు తీయడానికి మాత్రం అల్యూమినియం ఆక్సైడ్, 80 పీఎస్‌ఐ కావాలి. రెండో దారి చిన్న జెట్. 3/32 అంగుళం జెట్, దానికి తగిన నాజిల్ వేస్తే దెబ్బ బలం తగ్గదు, ధార సన్నబడుతుంది. పని నెమ్మదిగానే అయినా మధ్యలో ఆగదు. చిన్న కంప్రెసర్ మీద పెద్ద జెట్ పెట్టి పదే పదే ఆగడం కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగు.

కంప్రెసర్ దగ్గర ఉన్న ఒత్తిడి గన్ దగ్గరికి అంతే చేరదు. సన్నటి గొట్టంలో రాపిడికి ఒత్తిడి పోతుంది. అదే ప్రవాహానికి ఆ నష్టం సుమారుగా వ్యాసపు ఐదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. పావు అంగుళం గొట్టం తీసి 3/8 అంగుళం గొట్టం వేస్తే నష్టం ఏడోవంతుకు దిగుతుంది. చుట్ట చుట్టిన యాభై అడుగుల సన్నటి గొట్టం, వరుసగా నాలుగు క్విక్ కప్లర్లు, చిన్న రెగ్యులేటరు ఉంటే గోడ దగ్గర 90 చూపించే గాలి గన్ దగ్గర 60 కావచ్చు. ట్రిగ్గర్ వదిలేసి ఉన్నప్పుడు ఎక్కడ చూసినా 90 కనిపిస్తుంది, అందుకే ఈ నష్టం చాలామంది కంటపడదు. గన్ నడుస్తుండగా దాని పక్కనే మీటరు పెట్టి చూడాలి.

తర్వాతి శత్రువు నీరు. హ్యూస్టన్‌లో జులై రోజున 32 డిగ్రీల సెల్సియస్ వేడి, 80 శాతం తేమ ఉంటే ఒక్కో ఘనపు మీటరు గాలిలో 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 100 పీఎస్‌ఐకి నొక్కి మళ్లీ చల్లారిస్తే, ఆవిరిలో ఆరోవంతు మాత్రమే ఆవిరిగా మిగులుతుంది, తక్కినదంతా నీరైపోతుంది. 11 సీఎఫ్‌ఎం యంత్రం గంటసేపు తిరిగితే అది నాలుగు వందల మిల్లీలీటర్లు దాటుతుంది. ఆ నీరు పొడిలో కలిస్తే పొడి ముద్దకట్టి గొట్టం మూసుకుపోతుంది, శుభ్రం చేసిన ఇనుము మీద కళ్లముందే తుప్పు లేస్తుంది. నీటిని పట్టే ఫిల్టరును కంప్రెసర్ పక్కనే బిగించడం చాలామంది చేసే పని. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరి రూపంలోనే ఫిల్టరు దాటిపోతుంది. ముందు పొడవైన లోహపు గొట్టంలోనో చుట్టల్లోనో గాలిని చల్లార్చి, ఆ తర్వాత ఫిల్టరు పెట్టాలి. గొట్టం వాలు ఉండాలి, చివర నీరు వదిలే కుళాయి ఉండాలి. ట్యాంకు అడుగు కుళాయి ప్రతి పని తర్వాత తెరవాలి.

ఆ గొట్టానికి ప్లంబింగ్‌లో వాడే తెల్లటి పీవీసీ పైపు పనికిరాదు. లోపలి గాలి ఒత్తిడికి అది ఒక్కసారిగా పగిలి ముక్కలుగా ఎగురుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే దీని మీద హెచ్చరిక పత్రం ఇచ్చింది. రాగి, ఇనుము, అల్యూమినియం గొట్టాలు క్షేమం.

ఎత్తైన ఊళ్లలో లెక్క కాస్త మారుతుంది. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ కాదు, సుమారు 12.2 మాత్రమే. పిస్టన్ ఒక్కో పర్యాయం పీల్చే చోటు అంతే అయినా అందులో పట్టే గాలి ఆరోవంతు తగ్గుతుంది. కంపెనీ కరపత్రంలో 18 అని ఉన్న యంత్రం అక్కడ 15 ఇస్తుందనుకోవాలి.

పాత కంప్రెసర్ కొనేవారు, ఇంట్లో ఉన్నదాని అసలు సత్తా తెలుసుకోవాలనుకునేవారు, కరపత్రం మీద ఆధారపడనక్కర్లేదు. ట్యాంకు గ్యాలన్లను 0.1337తో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. గాలి బయటికి పోకుండా మూసి, ముల్లు 100 నుంచి 125కి చేరడానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడాలి. పెరిగిన 25ను 14.7తో భాగించి, ట్యాంకు ఘనపరిమాణంతో గుణించి, పట్టిన నిమిషాలతో భాగిస్తే ఆ ఒత్తిడి దగ్గర యంత్రం ఇచ్చే గాలి తెలుస్తుంది. అరవై గ్యాలన్ల ట్యాంకుకు డెబ్బై ఐదు సెకన్లు పడితే దాదాపు 11 సీఎఫ్‌ఎం. రెండు చిన్న యంత్రాలను వేర్వేరు సర్క్యూట్ల మీద పెట్టి ఒకే గొట్టానికి కలిపితే వాటి సీఎఫ్‌ఎంలు కూడతాయి, ఇది చవకైన, నమ్మదగిన ఉపాయం. పాత ట్యాంకు లోపలి నుంచి తుప్పు పట్టి ఉంటే మాత్రం ఎంత చవకైనా వదిలేయాలి. బయట ఒక్క చోట చెమ్మ కనిపించినా, అతుకు వేసి వాడదగినది కాదు.

గాలి పెరిగేకొద్దీ దుమ్ము సమస్య కూడా పెరుగుతుంది. గన్ నుంచి నిమిషానికి 17 ఘనపుటడుగుల గాలి మూసిన పెట్టెలోకి వస్తుంటే, అది ఏదో సందులోంచి బయటికి రావలసిందే, వచ్చేటప్పుడు దుమ్మును తెస్తుంది. అందుకే క్యాబినెట్‌కు తగిలించే దుమ్ము లాగే యంత్రం, కంప్రెసర్ పంపేదానికి చాలా రెట్లు గాలిని లాగగలగాలి. అప్పుడే పెట్టెలోకి బయటి గాలి వెళుతుంది తప్ప లోపలి గాలి బయటికి రాదు, అద్దంలోంచి వస్తువూ కనిపిస్తుంది. ఆ యంత్రానికి సన్నటి కణాలను పట్టే హెపా ఫిల్టరు ఉండాలి.

తొట్టిలో ఏం పోస్తున్నారన్నది అన్నిటికన్నా గట్టిగా పట్టించుకోవలసిన విషయం. పేరులో ఇసుక ఉన్నా అందులో ఇసుక పోయకూడదు. ఇసుకలోని సిలికా దెబ్బకు నలిగి, ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నటి పొడి అవుతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. బ్రిటన్ 1949 నాటి నిబంధనలతో కర్మాగారాల్లో ఈ పనికి ఇసుకను నిషేధించింది. అమెరికాలో వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1974లో అలాంటి నిషేధాన్నే సిఫార్సు చేసింది. 2016లో ఓషా చేసిన నిబంధన ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో సిలికాను 50 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. ఆ నిబంధన పని చోట్లకే, ఇంటి గ్యారేజీకి వర్తించదు. కానీ ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు కనుక ఇంట్లోనూ గాజు పూసలు, అల్యూమినియం ఆక్సైడ్, వాల్‌నట్ పెంకుల పొడి వంటివే వాడాలి. 1978కి ముందటి ఇంటి సామాను మీద ఉన్న రంగులో సీసం ఉండవచ్చు. అలాంటిదాన్ని బ్లాస్ట్ చేస్తే ఆ దుమ్ము ఇంట్లోని పిల్లల దాకా చేరుతుంది కనుక, పరీక్షించకుండా పెట్టెలో పెట్టకూడదు. పెట్టె తలుపు తెరిచేముందు గన్ ఆపి ఒకటి రెండు నిమిషాలు దుమ్ము యంత్రాన్ని నడవనివ్వాలి, తెరిచేటప్పుడు ముఖానికి సరైన రెస్పిరేటర్ ఉండాలి. పొడి చలికాలంలో గన్‌లోంచి దూసుకుపోయే పొడి స్థిర విద్యుత్తును పోగుచేసి చేతులకు షాకులిస్తుంది. పెట్టెనూ గన్‌నూ ఒక రాగి తీగతో ఎర్త్‌కు కలిపితే అది పోతుంది.